గోడ మీది క్యాలెండర్ జేబులోకి వచ్చాక



తెలుగు ఇళ్లలో వంటగది గుమ్మం పక్కన మేకుకు వేలాడే క్యాలెండర్ ఒకటి ఉండేది. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకోవడానికని కొనుక్కున్నా, ఏడాది గడిచేసరికి దాని నిండా ఇంటివాళ్ల రాతలే. పాలు రాని రోజున చిన్న సున్నా. గ్యాస్ బండ మార్చిన రోజున ఇంటూ గుర్తు. ఒక గడిలో చిట్టీ డబ్బులు, ఇంకో గడిలో పిన్నివాళ్ల గృహప్రవేశం. ఎవరు రాసినా అందరికీ కనిపించేది. ఒకరికి తెలిసి మరొకరికి తెలియని తేదీ ఆ ఇంట్లో దాదాపు ఉండేది కాదు.

ఇప్పుడు అదే ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు. శనివారం పదకొండు గంటలకు తండ్రి ఫోనులో గుండె డాక్టరు అపాయింట్‌మెంటు ఉంటుంది. అదే గంటకు తల్లి ఫోనులో మేనకోడలి నిశ్చితార్థం. కారు తీసుకెళ్లాల్సిన కూతురికి అదే వేళకు ఆఫీసు మీటింగు. ఎవరి క్యాలెండర్ వాళ్లకు సరిగ్గానే ఉంది. పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడే చిక్కు బయటపడుతుంది. ఆ పక్కపక్కన పెట్టే పనిని యంత్రాలకు నేర్పిన ఒక ఒడంబడిక ఉంది. దాని పేరు కాల్‌డావ్. పేరు విన్నవాళ్లు తక్కువే గాని, ఆపిల్ ఐక్లౌడ్ క్యాలెండర్ వాడే ప్రతివారూ తెలియకుండానే దాని మీద ఆధారపడుతున్నారు.

ఒడంబడిక అంటే కంప్యూటర్ల భాషలో ప్రొటోకాల్. రెండు యంత్రాలు మాట్లాడుకునేటప్పుడు పాటించే మర్యాద. ముందు ఎవరు పలకరించాలి, ఏ మాటకు ఏ జవాబు ఇవ్వాలి, మాట తెగిపోతే ఎక్కడినుంచి అందుకోవాలి, అన్నీ ముందే రాసి ఉంటాయి. అలాంటి మర్యాదను ఒక కంపెనీ తన గదిలో తాళం వేసి దాచుకుంటే ఆ కంపెనీ వస్తువులే ఒకదానితో ఒకటి మాట్లాడతాయి. అందరూ చదివేలా ప్రచురిస్తే ఎవరైనా అందుకు తగిన సాఫ్ట్‌వేర్ రాయవచ్చు, ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. కాల్‌డావ్ ఆ రెండో రకం. తేడా అంతా అక్కడే ఉంది.

కథ 1990ల నడుమ మొదలవుతుంది. ఆఫీసుల్లో లోటస్ ఆర్గనైజర్, మైక్రోసాఫ్ట్ షెడ్యూల్ ప్లస్ లాంటివి అప్పటికే ఉన్నాయి. 1996లో పామ్ పైలట్ అనే అరచేతి యంత్రం వచ్చింది. దాన్ని ఒక చిన్న పీటలాంటి దాని మీద కూర్చోబెట్టి మీట నొక్కితే అందులోని తేదీలు కంప్యూటర్‌లోకి, కంప్యూటర్‌లోవి దాంట్లోకి చేరేవి. చూసినవాళ్లకు అది అబ్బురం. కానీ దేని లోకం దానిదే. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో రాసిన మీటింగు ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాదే ఆపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి ఏర్పరచుకున్న వెర్సిట్ అనే కూటమి, తేదీలను అందరూ ఒకే తీరున రాసుకునే పద్ధతి ఒకటి తెచ్చింది. పేరు వీక్యాలెండర్. దాన్ని సరిదిద్ది 1998 నవంబరులో ఐక్యాలెండర్ అనే ప్రమాణంగా ప్రకటించారు. ఇంటర్నెట్ ప్రమాణాల వరసలో దాని సంఖ్య 2445. ఆ పత్రం మీద ఉన్న పేర్లు రెండు. లోటస్‌కు చెందిన ఫ్రాంక్ డాసన్, మైక్రోసాఫ్ట్‌కు చెందిన డెరిక్ స్టెనర్సన్. ఆఫీసు సాఫ్ట్‌వేర్ బజారులో ఒకరినొకరు నెట్టుకుంటున్న రెండు కంపెనీల మనుషులు ఒకే కాగితం మీద సంతకం పెట్టినట్టు. పోటీదారులు కూడా ఒప్పుకోక తప్పని అవసరం అది.

ఐక్యాలెండర్ ఫైలును తెరిచి చూస్తే ఏ మాయా కనిపించదు. మామూలు అక్షరాల్లో వరుసగా కొన్ని పంక్తులు. ‘ఘటన మొదలు’ అని ఒక పంక్తి. మరెక్కడా రాని గుర్తింపు సంఖ్య ఒకటి. మొదలయ్యే వేళ, ముగిసే వేళ. పని పేరు. ప్రతి వారమో ప్రతి నెలో వచ్చేదైతే ఆ నియమం. చివర ‘ఘటన ముగిసింది’ అని ఒక పంక్తి. పాతికేళ్ల కిందటి ఫైలును ఇవాళ నోట్‌ప్యాడ్‌లో తెరిచినా మనిషి చదివి అర్థం చేసుకోగలడు. ఐసీఎస్ అనే తోకతో మెయిల్‌లో వచ్చే పెళ్లి పిలుపు, రైలు టికెట్, మీటింగు ఆహ్వానం ఇలాంటివే.

తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఇందులో ఉంది. ఈ ఫైల్లో ఒక్కో పంక్తి 75 బైట్లు దాటకూడదని ప్రమాణం చెబుతుంది. దాటితే విరగ్గొట్టి తర్వాతి పంక్తిని ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు దేనికది మూడేసి బైట్లు. మనం ఒక్క అక్షరంగా చూసే ‘శ్రీ’ యూనికోడ్‌లో నాలుగు ముక్కలు, అంటే 12 బైట్లు. కాబట్టి ‘సీతమ్మత్త షష్టిపూర్తి, భీమవరం’ లాంటి మామూలు పేరుకే పంక్తి విరిగిపోతుంది. తెలివితక్కువ ప్రోగ్రాము ఒక అక్షరం నడిమధ్యలో, దాని మూడు బైట్లలో రెండోదాని దగ్గర విరగ్గొట్టేస్తుంది. అలా జరగవచ్చని ప్రమాణం రాసినవాళ్లు ముందే ఊహించి, చదివే ప్రోగ్రాము ముందు పంక్తులను అతికించి ఆ తర్వాతే అక్షరాలుగా చదవాలని 2009 నాటి సవరించిన పత్రంలో హెచ్చరించారు. ఆ క్రమం పాటించని సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేరు మధ్య ప్రశ్నార్థకాలు, డబ్బాలు కనిపిస్తాయి. తప్పు లిపిది కానే కాదు, ప్రోగ్రాము రాసినవాళ్లది. తెలుగులో తేదీలు రాసుకునేవాళ్లు అలాంటి చోట గట్టిగా ఫిర్యాదు చేయాలి.

ఘటన ఎలా రాయాలో ఐక్యాలెండర్ తేల్చింది. రాసినదాన్ని ఒక చోట భద్రపరిచి, నాలుగు ఫోన్లకూ పంచి, ఎవరు మార్చినా అందరికీ చేర్చడం మిగిలిపోయింది. వెబ్ పేజీలను చదవడమే కాక, దూరంగా ఉన్న సర్వర్‌లో ఫైళ్లు రాయడానికీ మార్చడానికీ వీలిచ్చే వెబ్‌డావ్ అనే ప్రమాణం 1999లో వచ్చింది. దాని మీదే క్యాలెండర్‌ను నిలబెడితే పోలేదా అన్న ఆలోచనతో లీసా డూసో 2003లో తొలి ముసాయిదా రాశారు. ఆమె, ఆపిల్‌కు చెందిన సైరస్ డాబూ, ఒరాకిల్‌కు చెందిన బెర్నార్డ్ డెరూయిసో కలిసి పూర్తి చేసిన పత్రం 2007 మార్చిలో 4791 అనే సంఖ్యతో వెలువడింది. అదే కాల్‌డావ్. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన లెపర్డ్ సాఫ్ట్‌వేర్‌తో ఆపిల్ కంప్యూటర్లలోకీ, 2009లో ఐఫోన్‌లోకీ అది చేరింది.

పని జరిగే తీరు ఇది. సర్వర్‌లో క్యాలెండర్ ఒక అర. అందులో ఒక్కో ఘటన ఒక్కో చీటీ. ప్రతి చీటీకీ సర్వర్ ఒక ముద్ర వేస్తుంది, ఈట్యాగ్ అంటారు. చీటీలో అక్షరం మారినా ముద్ర మారుతుంది. గుంటూరు వెళ్లే రైల్లో సిగ్నల్ లేనప్పుడు తండ్రి తన ఫోనులో డాక్టరు వేళను పదకొండు నుంచి పన్నెండుకు మార్చాడనుకుందాం. అదే సమయానికి ఇంట్లో కూతురు దాన్ని సోమవారానికి జరిపింది. కూతురి మార్పు ముందు సర్వర్‌కు చేరి ముద్ర మారిపోయింది. రైలు దిగాక తండ్రి ఫోను తన మార్పు పంపుతూ ఇలా అడుగుతుంది: ‘నా దగ్గరున్న ముద్ర ఇది. మీ దగ్గరా ఇదే ఉంటేనే దీన్ని తీసుకోండి.’ సర్వర్ చూసి, ముద్ర కలవలేదని 412 అనే సంఖ్యతో తిప్పి పంపుతుంది. ఫోను కొత్త చీటీని తెచ్చుకుని ఏం చేయాలో తేల్చుకుంటుంది. ఒకరి రాత మీద ఇంకొకరు చూడకుండా రాసి చెరిపేసే ప్రమాదం ఇలా తప్పుతుంది. గోడ క్యాలెండర్ దగ్గర ఇద్దరూ ఎదురుపడితే మాటలతో తేలేదాన్ని ఇక్కడ ఒక ముద్ర తేల్చింది.

రోజుకు పదిసార్లు క్యాలెండర్ మొత్తం దింపుకుంటే ఫోను బ్యాటరీ ఏమవుతుంది? మొదట్లో ఈ బాధ ఉండేది. 2012లో వచ్చిన చేర్పు దీన్ని చక్కగా తీర్చింది. ఫోను వచ్చి వెళ్లిన ప్రతిసారీ సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు టోకెన్ చూపిస్తే, అప్పటినుంచి చేరినవీ మారినవీ తీసేసినవీ మాత్రమే చెబుతుంది. వెయ్యి ఘటనలున్న క్యాలెండర్‌లో మారింది ఒక్కటైతే కదిలేదీ ఒక్కటే.

తెలుగు కుటుంబాలకు ఈ ఏర్పాటు అసలు విలువ తెలిసేది సముద్రాలు దాటినప్పుడు. రాజమండ్రిలో తల్లి, న్యూజెర్సీలో కొడుకు. ప్రతి ఆదివారం కొడుక్కి పొద్దున పది గంటలప్పుడు వీడియో కాల్. చలికాలంలో అప్పుడు రాజమండ్రిలో రాత్రి ఎనిమిదిన్నర. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, భారత్‌లోవి కదలవు. ఆ రోజునుంచి అదే కాల్ రాజమండ్రిలో ఏడున్నరకే మోగాలి. తల్లి ఎనిమిదిన్నరకని కూర్చుంటే కొడుకు గంట ముందే పిలిచి పిలిచి ఊరుకుంటాడు. ఐక్యాలెండర్‌లో ఘటనతో పాటు ‘ఇది న్యూయార్క్ గడియారం ప్రకారం’ అనే మాట కూడా రాసి ఉంటుంది. దాంతో తల్లి ఫోను తనంతట తానే వేళను జరిపి చూపిస్తుంది. ఆ మాట లేకుండా రాసుకున్న తేదీలే ఏటా మార్చిలోనూ నవంబరులోనూ కొంప ముంచేవి.

గడియారాల చట్టాలు మారినప్పుడు సంగతి ఇంకా జటిలం. అమెరికా 2005లో చేసిన చట్టం వల్ల 2007 నుంచి ఈ మార్పు ఏప్రిల్ మొదటి ఆదివారం బదులు మార్చి రెండో ఆదివారానికి జరిగింది. పాత నియమం గుర్తుపెట్టుకున్న యంత్రాలు ఆ ఏడు మార్చి 11 నుంచి మూడు వారాల పాటు గంట తేడా చూపించాయి. కాల్‌డావ్ వెలువడింది సరిగ్గా ఆ నెలలోనే. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం గడియారాల మార్పును ఆఖరి క్షణంలో వాయిదా వేస్తే, కొందరు ఒప్పుకోక పాత ప్రకారమే మార్చుకున్నారు. కొద్ది రోజులు దేశంలో రెండు కాలాలు నడిచాయి. చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ప్రపంచమంతటి గడియారాల నియమాలను ఒక్కచోట రాసిపెట్టే ఉమ్మడి పట్టికను సాఫ్ట్‌వేర్లన్నీ వాడుకుంటాయి. భారత్ కాలానికి అందులో ‘ఏషియా కోల్‌కతా’ అని పేరు. ‘ఏషియా కలకత్తా’ అన్న పాత పేరును కూడా పాత ఫైళ్ల కోసం తీసేయకుండా ఉంచారు.

ఇక ఉగాది. ఈ ఒడంబడిక తడబడేది ఇక్కడే. ‘ప్రతి నెలా రెండో శనివారం’ అంటే ఐక్యాలెండర్‌కు సులభం. ‘ఏటా చైత్ర శుద్ధ పాడ్యమి’ అంటే చేతులెత్తేస్తుంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఇంగ్లిష్ తేదీల నియమాల్లో దీన్ని ఇమడ్చలేం. చైనా కొత్త సంవత్సరానికీ, యూదుల పండుగలకూ ఇదే ఇబ్బంది ఉండటంతో 2015 మేలో 7529 సంఖ్యతో ఒక చేర్పు తెచ్చారు. ఇంగ్లిష్ సంవత్సరం కాక వేరే పంచాంగం ప్రకారం ‘ఏటా’ అని చెప్పడానికి అది వీలిచ్చింది. అధికమాసాన్ని రాయడానికి కూడా గుర్తు పెట్టారు. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ల పుట్టినరోజు మామూలు సంవత్సరాల్లో ముందు రోజుకు జరగాలా, మర్నాటికి జరగాలా అన్నది కూడా దాంతోనే చెప్పుకోవచ్చు. అంతకుముందు ‘ఏటా ఫిబ్రవరి 29’ అని రాస్తే లీపు సంవత్సరాల్లోనే కనిపించేది.

ఆ చేర్పు ఆధారపడిన యూనికోడ్ జాబితాలో భారత్ పేరుతో అప్పటికి ఉన్నది ఒక్కటే, జాతీయ శక క్యాలెండర్. ఆకాశవాణి శ్రోతలకు అది కొత్త కాదు. మేఘనాద్ సాహా అధ్యక్షత వహించిన సంస్కరణ సంఘం సూచించగా 1957 మార్చి 22న, శక 1879 చైత్రం 1 నుంచి అమల్లోకి వచ్చింది. గెజిట్‌లోనూ ఆకాశవాణి వార్తల్లోనూ దానికి అధికారిక స్థానం ఉంది. కానీ అది సూర్యమానం. తెలుగువాళ్ల పండుగలు చాంద్రమానం, పైగా ఏ రోజుకు ఏ తిథి అన్నది సూర్యోదయాన్ని బట్టి నిర్ణయమవుతుంది. హైదరాబాద్‌లో సూర్యుడు ఉదయించేసరికి ఉన్న తిథి డల్లాస్‌లో సూర్యోదయానికి ఉండకపోవచ్చు. అమెరికా తెలుగువాళ్లు తమ ఊళ్లకు లెక్క కట్టిన పంచాంగాలు వేరుగా వాడేది అందుకే. ఊరు పేరు చెప్పకుండా ఏకాదశి ఎప్పుడో చెప్పలేం.

కాబట్టి ప్రస్తుతానికి దారి ఒకటే. ఎవరో లెక్క కట్టి ఆ ఏటి తేదీలన్నీ ఐసీఎస్ ఫైలుగా ఒక చిరునామాలో ఉంచుతారు, ఫోను దానికి చందాదారుగా చేరి తేదీలు తెచ్చుకుంటుంది. పని జరుగుతుంది, కానీ ఇది చదువుకోవడం మాత్రమే. మనం రాసేది అటు వెళ్లదు. చందా క్యాలెండర్‌కూ కాల్‌డావ్ క్యాలెండర్‌కూ తేడా తెలియక చాలామంది ‘నేను మార్చింది అక్కయ్యకు కనిపించడం లేదేమిటి’ అని తల పట్టుకుంటారు. ఒకటి వార్తాపత్రిక, రెండోది గోడ మీది క్యాలెండర్.

ఒడంబడిక బహిరంగంగా ఉంటే ఒరిగేదేమిటో 2013లో బాగా తెలిసివచ్చింది. గూగుల్ క్యాలెండర్ 2006లో మొదలై, 2008లో కాల్‌డావ్ నేర్చుకుంది. 2013 మార్చిలో, తన రీడర్ అనే సేవను మూసేస్తున్నామని చెప్పిన రోజునే, కాల్‌డావ్‌ను కూడా సెప్టెంబరు 16 నుంచి తాము అనుమతించిన కొందరికే పరిమితం చేస్తామని గూగుల్ ప్రకటించింది. మిగతావాళ్లు గూగుల్ సొంత పద్ధతి వాడుకోవాలి. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్లు రాసే చిన్న చిన్న బృందాలు భగ్గుమన్నాయి. జూన్‌లో కంపెనీ మనసు మార్చుకుంది. కాల్‌డావ్‌ను అందరికీ తెరిచే ఉంచుతామంది, చిరునామాల పుస్తకానికి సంబంధించిన కార్డ్‌డావ్‌ను కూడా తెరిచింది. రీడర్ మాత్రం ఆ జూలైలో మూతపడింది.

ఆపిల్ కథ ఇంకో తీరు. 2006లో ప్రకటించిన తన క్యాలెండర్ సర్వర్‌ను అందరూ వాడుకునేలా కోడ్‌తో సహా ఇచ్చింది. చిన్న ఆఫీసులు, బడులు దాన్ని పెట్టుకున్నాయి. 2018లో ఆ భాగాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టి, 2022 ఏప్రిల్‌లో మ్యాక్‌ఓఎస్ సర్వర్ మొత్తాన్నే ఆపేసింది. అదే సొంత ఒడంబడిక అయి ఉంటే ఏళ్ల నాటి తేదీలు దాంతో పాటే మునిగేవి. కాల్‌డావ్ కావడం వల్ల నెక్స్ట్‌క్లౌడ్, డావికాల్, రాడికేల్, బైకాల్ లాంటి ఉచిత సర్వర్లలోకి సామాను మార్చుకోగలిగారు. ఇల్లు మారింది, క్యాలెండర్ అదే.

లోపాలు లేవనడం న్యాయం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్‌డావ్ పుట్టుకతో లేదు. ఆస్ట్రియాకు చెందిన ఒక చిన్న బృందం 2013లో మొదలుపెట్టి, ఇప్పుడు డావ్‌ఎక్స్ ఫైవ్ అని పిలుస్తున్న యాప్ ఆ కొరత తీరుస్తోంది. దేశంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ వాడే ఆఫీసులది వేరే భాష. ఇంకా ముఖ్యమైనది, దారిలో ఎవరూ చదవకుండా రక్షణ ఉన్నా, సర్వర్ నడిపేవాళ్లు ఆ చీటీలు చదవగలరు. ఆసుపత్రి తేదీలు, కోర్టు వాయిదాలు ఎవరి సర్వర్‌లో పెడుతున్నామో ఆలోచించుకోవాలి. రహస్య చిరునామా అని ఇచ్చే ఐసీఎస్ లింకును వాట్సాప్ గుంపులో పడేస్తే, అది చేరిన ప్రతివారికీ ఇంటి తేదీలన్నీ తెరిచి చూపినట్టే.

శ్రోతల్లో ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే పెద్ద శ్రమ లేదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని క్యాలెండర్ ఖాతాల దగ్గర ‘అదర్’ నొక్కితే కాల్‌డావ్ ఖాతా చేర్చే వీలుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఇందాక చెప్పిన యాప్ చాలు. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. ఇంటికంతటికీ ఒక ఉమ్మడి క్యాలెండర్ పెట్టుకుని, అసలు పాస్‌వర్డ్ పంచకుండా ఒక్కొక్కరి సొంత ఖాతాకు అందులో రాసే హక్కు ఇవ్వండి.

క్యాలెండర్ సేవ ఏదైనా కొత్తగా ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇది కాల్‌డావ్ మాట్లాడుతుందా? నా తేదీలన్నీ ఐసీఎస్ ఫైలుగా బయటికి తీసుకోనిస్తుందా? రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే అందులో ఇంటి తేదీలు రాయడం మొదలుపెట్టండి. ఇప్పటికే ఏదో ఒకటి వాడుతుంటే, ఈ రాత్రి పడుకునే ముందు ఆ ఫైలు ఒకసారి దింపి దాచుకోండి. రెండు నిమిషాల పని.